అందరూ ఒకేసారి వాయిస్తే...

ప్రశ్న: మాది అయిదుగురి బ్యాండు: డ్రమ్స్, బేస్, రెండు గిటార్లు, గాయని. ఆల్బమ్‌ని ముక్కలుగా కాకుండా అందరం కలిసి వాయిస్తూ రికార్డు చేయాలనుకుంటున్నాం. స్టూడియోలో ఉన్నది ఒకే గది. పాట మైకులోకి సింబల్స్ (డ్రమ్స్ సెట్టులోని లోహపు పళ్లేలు) మోత దిగిపోతోంది. గొంతు పెంచితే మోతా పెరుగుతోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ గాయని డ్రమ్స్‌కి వీపు పెట్టి నిలబడుతోందేమో చూడండి. చాలామంది చేసే పొరపాటే అది. అప్పుడు మైకు ముఖం ఆమె భుజం మీదుగా నేరుగా సింబల్స్‌నే చూస్తుంది. కార్డియాయిడ్ మైకు, అంటే ముఖ్యంగా ఎదుటి శబ్దాన్నే పట్టే మైకు, తన వెనక నుంచి వచ్చే శబ్దాన్ని అన్నిటికన్నా తక్కువ అందుకుంటుంది. కాబట్టి ఆమెను డ్రమ్మర్‌కి ఎదురుగా, కనీసం మూడు మీటర్ల దూరంలో నిలబెట్టండి. మైకు వీపు డ్రమ్స్ వైపు ఉండాలి. ఆమె వెనక గోడకి రెండు మందపాటి రగ్గులు వేలాడదీయండి, లేకపోతే మోత గోడకి కొట్టుకుని తిరిగి మైకులోకే వస్తుంది. నోటికీ మైకుకీ మధ్య 20 సెంటీమీటర్లు ఉంటే 10కి తగ్గించండి. గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, సింబల్స్ ఉన్నచోటే ఉంటాయి.

బేస్‌ని ఆంప్ (యాంప్లిఫయర్) లేకుండా డీఐ బాక్సు ద్వారా, అంటే గిటార్ సిగ్నల్‌ని నేరుగా రికార్డర్‌కి అందించే చిన్న పెట్టె ద్వారా, తీసుకోండి. గిటార్ ఆంపుల్ని తలుపు బయట పెట్టండి, వాయించేవాళ్లు మాత్రం లోపలే ఉండాలి. కేబుల్ ఆరేడు మీటర్లు దాటితే గిటార్ నాదంలో మెరుపు తగ్గుతుంది. గిటార్ దగ్గరే బఫర్ (పొడుగు కేబుల్లో సిగ్నల్ నీరసించకుండా చూసే సర్క్యూట్) ఉన్న పెడల్ ఒకటి పెడితే సరిపోతుంది. ఇంత చేశాక కూడా కాస్త మోత మిగులుతుంది. మిగలనివ్వండి, అందరూ ఒకే గదిలో ఉన్నారని వినేవాళ్లకి చెప్పేది అదే. మరీ ఎక్కువైతే డ్రమ్మర్ చేతికి సన్నని కర్రలివ్వండి.

ప్రశ్న: మధ్యలో ఒకరు తప్పు వాయిస్తే మొత్తం మళ్లీ మొదలెట్టాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎవరు తప్పారన్నదాన్ని బట్టి. బేస్, బయట ఆంపులున్న గిటార్లు అయితే ఆ రెండు బార్లు (తాళం ఆవర్తనాలు) తర్వాత మళ్లీ వాయించి అతికించవచ్చు. గొంతుతోనే చిక్కు. డ్రమ్స్ మీది మైకుల్లోకి పాత గొంతు అప్పటికే ఎక్కి ఉంటుంది. కొత్తగా పాడించినా వెనక నీడలా వినిపిస్తుంది. గొంతుని తర్వాత విడిగా రికార్డు చేయాలన్న ఆలోచన ఉంటే, ముందే ఆమెను పక్క గదిలో కూర్చోబెట్టండి.

డ్రమ్మర్ తప్పు వాయిస్తే వేరే టేకులోంచి ముక్క తేవాలి. లయ రెండు టేకుల్లోనూ ఒకేలా ఉంటేనే అది కుదురుతుంది. అందుకని క్లిక్ (లయ చూపే టక్ టక్ శబ్దం) కనీసం డ్రమ్మర్ చెవిలోనైనా ఉండాలి. బార్ మొదటి దెబ్బకి వెంట్రుకవాసి ముందు కోయండి. ఒక పాట టేకులన్నీ అయ్యేదాకా మైకులు కదపొద్దు, స్నేర్ డ్రమ్ము తోలు బిగించొద్దు. చివరి సింబల్ పూర్తిగా చల్లారేదాకా ఎవరూ కుర్చీ కదపొద్దు!

ప్రశ్న: ఏ పాట ముందు రికార్డు చేయాలి?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: బాగా చేయి తిరిగినది ముందు, గొంతు చీల్చేది ఆఖరున. బ్రిటిష్ బ్యాండు బీటిల్స్ తొలి ఆల్బమ్‌లోని పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డయ్యాయి. ఆ రోజు జలుబుతో ఉన్న ఆ బ్యాండు గాయకుడు లెనన్ చేత అరుపుల పాటని చివరికే పాడించారు.