ఎన్‌ఐసీయూ బిల్లు కోసం కొబ్బరి తోట తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. రొయ్యల మేత కంపెనీలో 38 వేల జీతం. మా ఆవిడకు 31వ వారంలోనే కాన్పయింది. పాప బరువు 1,450 గ్రాములు. కాకినాడలో ప్రైవేటు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఇది తొమ్మిదో రోజు. రోజుకు 17 వేల దాకా అవుతోంది. మా 5 లక్షల ఫ్యామిలీ హెల్త్ పాలసీ పాపకు వర్తించదన్నారు. దాచుకున్న 4 లక్షలూ ఇంటి స్థలానికి బయానా ఇచ్చేశాం. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి 2 లక్షలు తెచ్చాను. నాన్నగారి 30 సెంట్ల తోట తాకట్టు పెట్టి అదే వడ్డీకి ఇంకో 3 లక్షలు తెద్దామనుకుంటున్నాను. మా ఆవిడకు పుట్టింటివాళ్లు పెట్టిన 12 కాసుల బంగారం ఉంది గానీ, దాన్ని ముట్టుకోవాలంటే నామోషీగా ఉంది.

జవాబు: తోట కాగితాలు బయటికి తీయకండి. 5 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 15 వేలు, ఏడాదికి లక్షా 80 వేలు. మీ జీతంలో ఐదింట రెండు వంతులు. అసలు అలాగే ఉంటుంది. అదే 5 లక్షలు బంగారం మీద బ్యాంకులో పది శాతానికి తెచ్చుకుంటే ఏడాదికి 50 వేలు. పాప కోసం బంగారం తాకట్టు పెట్టడంలో నామోషీ ఏమీ లేదు. రేపే బ్యాంకుకు వెళ్లండి. ముందు ఆ నోటు అప్పు తీర్చి, చెల్లు రాయించుకుని, నోటు వెనక్కి తీసుకోండి. లోన్ యాప్‌ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

ఈ రోజే అడగాల్సినవి రెండున్నాయి. మీ కంపెనీలో ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న ఆరోగ్య బీమా, అంటే గ్రూప్ పాలసీ ఉందా? చాలా గ్రూప్ పాలసీల్లో బిడ్డకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది, కానీ గడువులోపు పేరు చేర్పించాలి. రెండోది, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ డెస్క్. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. డబ్బు కట్టేశాక కాదు, ఇప్పుడే అడగాలి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో నవజాత శిశువులకు ఉచిత వైద్యం ఉంది, కానీ పాపను కదిలించాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాల్సిన మాట.

ఇక అసలు పొరపాటు. మీరు కాన్పుకు డబ్బు లెక్కేసుకున్నారు, బిడ్డకు లెక్కేయలేదు. మామూలు ఫ్యామిలీ పాలసీల్లో ఎక్కువ వాటికి బిడ్డను 90 రోజులు నిండాకే చేర్చుకుంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఖర్చంతా ఆ 90 రోజుల్లోనే. అంటే ఆ మూడు నెలలూ బిడ్డకు పాలసీ మీ చేతిలో ఉన్న డబ్బే. అందుకే కడుపు పండిందని తెలిసిన రోజు నుంచి బిడ్డకు మూడో నెల నిండేదాకా స్థలం, చీటీ, బండి ఏదీ వద్దని నా దగ్గరికి వచ్చిన ప్రతి జంటకూ చెబుతాను. ఆరు నెలల ఇంటి ఖర్చు, దానిమీద కనీసం 3 లక్షలు, ఫోన్‌లో నొక్కితే చేతికొచ్చే ఎఫ్‌డీలో ఉండాలి. మీ 4 లక్షలు అలా ఉండి ఉంటే ఈ రాత్రి మీరు అప్పు గురించి కాకుండా పాప గురించి మాత్రమే ఆలోచించేవారు. స్థలం అమ్మినాయన్ని గడువు అడగండి, ఇవ్వకపోతే బయానాలో ఎంతో కొంత వెనక్కి అడగండి.

రోజుకు 17 వేలు చివరిదాకా ఇలాగే ఉంటుందని బెంగపెట్టుకోకండి. ఊపిరికి యంత్రం సాయం అవసరమైన రోజులే ఎక్కువ ఖరీదు. ట్యూబ్ ద్వారా పాలు పడుతూ బరువు పెంచే రోజుల్లో బిల్లు సాధారణంగా తగ్గుతుంది. కానీ ఆ రోజులు ఎక్కువ. ఇలాంటి పిల్లలు తరచూ అసలు కాన్పు తేదీకి రెండు మూడు వారాల ముందు ఇంటికొస్తారు. కనుక ఇంకో నెల, నెలన్నరకు లెక్క వేసుకోండి. మొదటి రోజుల్లో బరువు తగ్గినా కంగారు పడకండి. ఎనిమిదో నెల బిడ్డ నిలవదని ఎవరైనా అంటే ఆ మాట మీ ఆవిడ చెవిన పడనీయకండి.

బంగారం మీద తెచ్చిన డబ్బంతా బిల్లుకే కట్టేయకుండా 20 వేలు పక్కన పెట్టండి. పాప పుట్టి 30 రోజులు నిండేలోపు కంటి రెటీనా పరీక్ష జరగాలి, ఇంటికొచ్చేముందు వినికిడి పరీక్ష కూడా. డిశ్చార్జి కాకపోయినా కంటి పరీక్ష తేదీ ఏ రోజో డాక్టర్‌ని అడిగి రాసిపెట్టుకోండి.