ఋత్విక్ అని రాయించాలా, రిత్విక్ అనా?

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులోని ఒక ఆసుపత్రిలో మా బాబు పుట్టి ఎనిమిది నెలలైంది. అప్పటికి పేరు ఖాయం కాలేదు కాబట్టి జనన ధ్రువపత్రంలో ఆ గడి ఖాళీగా ఉంది. మామగారు ‘ఋత్విక్’ అనే రాయాలంటారు, ఇంగ్లిషులో ఆర్ తరవాత యు. మావారికి ‘రిత్విక్’ కావాలి, ఆర్ తరవాత ఐ. ప్రస్తుతానికి ఒకటి రాయించి, నచ్చకపోతే తరవాత మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, రెండింటిలో ఏది రాయించినా చట్టానికి అభ్యంతరం లేదు. చిక్కంతా మీ చివరి వాక్యంలో ఉంది.

జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 14వ సెక్షన్ మీలాంటి వారి కోసమే. పేరు లేకుండా జననం నమోదైతే, తల్లిగానీ తండ్రిగానీ తరవాత వెళ్లి పేరు చేర్పించవచ్చు. నమోదైన తేదీ నుంచి పన్నెండు నెలల్లోపు రుసుము లేదు. ఆ తరవాత కూడా ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల వరకు వీలుంది. కాబట్టి తొందరేమీ లేదు, ఇంట్లో ఇంకో రెండు నెలలు వాదించుకోండి. అయితే ఆ పేరు చెప్పే హక్కు తల్లిదండ్రులది. మామగారిని ఒప్పించడం మర్యాద, అవసరం కూడా కావచ్చు, కానీ ఆయన సంతకం అక్కర్లేదు.

ఒకసారి పేరు ఎక్కాక మాత్రం 15వ సెక్షన్ వర్తిస్తుంది. అది పొరపాట్లను సరిదిద్దడానికి పెట్టింది. మీరు ఐ అని రాసిస్తే ఉద్యోగి యు అని ఎక్కించాడనుకోండి, అది పొరపాటు. మీరే యు రాయించి రెండేళ్లకు ఐ బాగుందనుకుంటే, అది మనసు మార్చుకోవడం. ఈ రెండో దాన్ని సవరణగా ఒప్పుకోమని రిజిస్ట్రారును అడగడం కష్టం. దిద్దుబాటు జరిగినా పాత నమోదును చెరిపేయరు. పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు.

ఒక్క అక్షరానికి ఇంత హడావుడి ఎందుకంటారా? 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, ఊరికి ఈ ధ్రువపత్రమే ఆధారం. పిల్లవాడి ఆధార్ కూడా దీన్ని చూసే ఇస్తారు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. వాడి రెండు అవకాశాలనూ పెద్దవాళ్లే ఖర్చు చేయడం న్యాయం కాదు.

నా అభిప్రాయం అడిగితే, ఇంట్లో మీరు ఎలా పిలుస్తారో అలాగే రాయించండి. రేపు బడిలో, బ్యాంకులో పేరు చెవిన విని రాసుకునేవాళ్లే ఎక్కువ. ‘రిత్విక్’ అని పిలుస్తూ యు రాయిస్తే, ప్రతి దరఖాస్తులోనూ వాడు అక్షరాలు విడివిడిగా చెప్పుకోవాలి. తెలుగులో ‘ఋ’ రాయించి ఇంగ్లిషులో ఐ పెట్టుకునే రాజీ కూడా ఉంది, చట్టం వద్దనదు. మామగారు దానికి ఒప్పుకుంటారనే నా అంచనా. సంఖ్యాశాస్త్రం ప్రకారం చివర ఇంకో కె చేర్చమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి.

అక్షరం తేలాక ఇంటిపేరు సంగతి చూడండి. అసలు తగాదాలు దాని దగ్గరే వస్తాయి. పొడి అక్షరం కాకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది.

నమోదు జరిగేది పుట్టిన చోట, కాబట్టి కావలి మున్సిపాలిటీకి కాదు, నెల్లూరు నగరపాలక సంస్థకు వెళ్లాలి. దరఖాస్తులో పేరును రెండు భాషల్లోనూ మీ చేత్తో స్పష్టంగా రాయండి. ఇచ్చినట్టు ముద్ర వేయించిన నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి. తప్పు కార్యాలయంలో జరిగితే 15వ సెక్షన్ కింద దిద్దించడానికి మీ చేతిలో ఉండే రుజువు అదే.