టెక్ సందేహాలు: తిరిగే షాఫ్టు టార్క్‌ను వెలుతురుతో కొలవడం ఎలా?

ప్రశ్న: మాకు కారం మిల్లు ఉంది. 5 హెచ్‌పీ మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతుంది. 25 మి.మీ. షాఫ్టు మీద 200 మి.మీ. ఎడంగా రెండు రిఫ్లెక్టివ్ టేపులు అంటించి, రెండు ఐఆర్ (పరారుణ కాంతి) సెన్సర్లు, ఆర్డునో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో టార్క్ (షాఫ్టును మెలితిప్పే బలం) కొలవబోయాను. లోడుతో సంబంధం లేకుండా అంకెలు మారిపోతున్నాయి. లోపం ఎక్కడ?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: మీరు ఎంచుకున్న పద్ధతి సరైనదే. లోడు పడితే షాఫ్టు కొద్దిగా మెలితిరుగుతుంది కాబట్టి, మిల్లు వైపు టేపు మెరుపు మోటారు వైపు దానికన్నా కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటు ఎంతో లెక్కవేస్తే మీ ఇబ్బంది అర్థమవుతుంది. మీ మోటారు పూర్తి లోడులో ఇచ్చే టార్క్ సుమారు 25 న్యూటన్ మీటర్లు. దానికి మీ ఉక్కు షాఫ్టు టేపుల మధ్య మెలితిరిగేది 0.09 డిగ్రీ మాత్రమే. ఆ వేగంలో అది దాదాపు 11 మైక్రోసెకన్లు. ఊనోలో సమయం చెప్పే మైక్రోస్ ఫంక్షన్ 4 మైక్రోసెకన్లకు ఒకసారి మాత్రమే మారుతుంది కనుక, మీరు బంగారాన్ని కట్టెల కాటా మీద తూస్తున్నారు.

దీనికి ఊనోలోనే ఉన్న టైమర్ 1 ఇన్‌పుట్ క్యాప్చర్‌ను (సిగ్నల్ మారిన క్షణాన్ని నమోదు చేసే ఏర్పాటు) వాడండి. అది మైక్రోసెకనుకు 16 సార్లు లెక్కపెడుతుంది. ఆ పిన్ను ఒకటే ఉంటుంది కాబట్టి, రెండు సెన్సర్ల సిగ్నళ్లను ఒక ఎక్స్‌ఓఆర్ గేటులో (రెండు సిగ్నళ్లు వేరుగా ఉన్నంతసేపే పల్స్ ఇచ్చే సర్క్యూట్) కలిపి, వచ్చే పల్స్ వెడల్పును కొలవాలి. టేపులను ఒకే గీతలో కాకుండా కావాలనే పది డిగ్రీలు పక్కకు అంటించి, లోడు లేనప్పటి విలువను తీసివేయండి. లోడు పెరిగితే మోటారు వేగం తగ్గుతుంది కనుక, పల్స్ వెడల్పును ప్రతిసారీ ఒక చుట్టుకు పట్టిన కాలంతో భాగించాలి; చాలామంది మరచిపోయేది ఇక్కడే. చౌక మాడ్యూళ్లలోని ఫోటోట్రాన్సిస్టర్లు నెమ్మదిగా స్పందిస్తాయి, ఫోటోడయోడ్లకు మారండి. ఒక సెన్సరు మీదే కారం దుమ్ము పేరుకున్నా మెలి మారినట్లే కనిపిస్తుంది. రెండింటినీ మూతల్లో ఉంచి రోజూ తుడవండి.

క్యాలిబ్రేషన్‌కు, అంటే కొలతను సరిచూసుకోవడానికి, షాఫ్టును విప్పి, ఒక చివరను వైసులో బిగించి, రెండో చివరను బేరింగుపై ఆనించి, దానికి మీటరు పొడవు కడ్డీ అమర్చండి. టేపుల స్థానాల్లో చిన్న అద్దాలు అంటించి, ఒక్కోదాని మీద లేజర్ పాయింటర్ వేసి, 5 మీటర్ల దూరంలోని గోడపై చుక్కలను గుర్తించండి. కడ్డీ చివర రెండున్నర కిలోలు వేలాడదీస్తే, రెండు చుక్కల కదలికలో తేడా సుమారు 16 మి.మీ. రావాలి. అంతకన్నా బాగా తేడా ఉంటే షాఫ్టు వ్యాసాన్ని మైక్రోమీటరుతో మళ్లీ కొలవండి, ఎందుకంటే మెలి వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది.