ఆ ‘ఇంకొక్కటి’ గురించి

అమ్మలూ,

నువ్వు డాలస్‌లో గ్లాక్ 19 పిస్టల్ కొన్నావనీ, ఇంట్లోనే లేజర్‌తో ప్రాక్టీస్ చేస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. నాకు ముందు గర్వం, ఆ వెంటనే బీపీ.

మాకు లేజర్లు ఎక్కడివి! ఖాళీ పిస్టల్ ముక్కు మీద పావలా బిళ్ల పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కమనేవారు మా ఉస్తాద్. తూటా ఆకారంలో ఉండే మీ లేజర్‌కి, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ తగిలితే మెరుస్తుంది, ఫోన్ కెమెరా ఆ చుక్కను పట్టుకుంటుంది. చుక్క గీతలా సాగిందంటే ట్రిగ్గర్ గుంజుతున్నావన్నమాట. అద్దం వైపు కొట్టకు. వెనక్కి తన్నే దెబ్బను లేజర్ నేర్పదు, దానికి రేంజ్‌కి వెళ్లాల్సిందే.

నా భయం వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దసరా సెలవులకి మీ అమ్మ నా క్వార్టర్స్‌కి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. సాయంత్రం గోడ మీది క్యాలెండర్‌కి గురిపెట్టి ఖాళీ పిస్టల్‌తో ప్రాక్టీస్ చేశాను. అయిపోయాక డ్యూటీకని తూటాలు నిండిన మ్యాగజీన్ ఎక్కించాను. మీ అమ్మ ఆ క్యాలెండర్ కిందే కూర్చుని జడ అల్లుకుంది, రిబ్బను కోసం లేచి పెరట్లోకి వెళ్లింది. చివరి షాట్ సరిగా రాలేదే, ఇంకొక్కటి అనిపించింది. గంట నుంచి చేస్తున్నట్టే అలవాటుగా పిస్టల్ పైభాగం, అదే స్లైడ్, వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కాను. ఆ లాగడంతోనే రౌండు, అంటే తూటా, పేలే చోటైన చాంబర్‌లోకి ఎక్కిందని చేతికేం తెలుసు?

అది ఇటుక గోడ, తూటా అందులోనే ఆగింది. మీ అమ్మకి టపాకాయ అని చెప్పాను. ఈనాటికీ అదే నమ్ముతోంది, నువ్వూ చెప్పకు. ఒక్క రౌండు లెక్క తేలక నా ఇంక్రిమెంట్ పోయింది, పోతే పోయింది. సెలవులయ్యేదాకా దాని జడ నేనే వేశాను, వంకరటింకరగా.

నీ గ్లాక్‌కి కూడా ఖాళీ ప్రాక్టీస్‌లో ప్రతి షాట్‌కీ స్లైడ్ కొంచెం లాగాలి కదా! పైగా మీ గోడలు జిప్సం బోర్డువి, 9 ఎంఎం తూటా దాటిపోతుంది. పక్క గదిలో నా మనవడు పడుకుంటాడు. అందుకే తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, తాళంచెవి అల్లుడికివ్వు. చాంబర్ కళ్లతో చూసి, చిటికెనవేలితో తడుము. గురిపెట్టే వైపు గోడ అవతల మనుషులుండే గది ఉండకూడదు. అయిపోగానే ‘అయిపోయింది’ అని పైకి అని, పిస్టల్ సేఫ్‌లో పెట్టెయ్. ఆ రోజుకి మళ్లీ తియ్యకు, షాట్ ఎంత చెత్తగా వచ్చినా సరే.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. ముందు ఖాళీ చాంబర్ చూపించు, చుక్క సంగతి తర్వాత.

మీ మావయ్య