విమానంలో గంటంబావే, కానీ ఇంటి నుంచి ఆసుపత్రికి ఆరున్నర గంటలు

వైజాగ్ నుంచి హైదరాబాద్ ఎంత దూరం, విమానంలో ఎంతసేపు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని పొద్దుటి విమానంలో తీసుకెళ్తే 11 గంటల అపాయింట్‌మెంట్ అందుతుందా అని అడిగారు. ఇదే లెక్క మా నాన్నగారి విషయంలో నేను తప్పు వేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గాలిలో దూరం సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డు మీద 620 దాకా ఉంటుంది. రైలు విజయవాడ వైపు దిగి మళ్లీ పైకి వెళ్తుంది కాబట్టి దాదాపు 700. పెద్ద జెట్ విమానమైతే గంటా పది నుంచి గంటా ఇరవై నిమిషాలు, రెక్కల మీద ఫ్యాన్లుండే ఏటీఆర్ అయితే గంటన్నర, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. 800 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్‌కి ఈ దూరం నలభై నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి, రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడానికి పట్టే సమయం కూడా టికెట్ మీద ఉన్న టైములోనే కలిసి ఉంటుంది.

మా టికెట్ మీద 7:40కి బయల్దేరి 9 గంటలకి దిగుతుందని ఉంది. చేతిలో రెండు గంటలున్నాయని ధైర్యంగా ఉన్నాను. వైజాగ్‌లో మా మద్దిలపాలెం నుంచి అయిదుంబావుకి కారెక్కాం. ఎన్ఏడీ జంక్షన్ దాటి ఎయిర్‌పోర్టుకి తొందరగానే చేరాం. విమానం పాతిక నిమిషాలు ఆలస్యం. శంషాబాద్‌లో అందరూ దిగాక గానీ వీల్‌చైర్ రాలేదు, ఆ తర్వాత బ్యాగు కోసం నిలబడ్డాం. బయటికొచ్చేసరికి పది దాటింది. ఆసుపత్రి సికింద్రాబాద్ వైపు, పైగా ఆఫీసుల వేళ ట్రాఫిక్. చేరేసరికి 11:50. డాక్టర్‌గారు ఆపరేషన్‌కి వెళ్లిపోయారు, రేపు రమ్మన్నారు. నాన్నగారు ఒక్క మాట అనలేదు. కాలు చాపుకుని గోడకి తల ఆనించి కూర్చున్నారంతే. ఆయన్ని అలా చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కాబట్టి 11 గంటల అపాయింట్‌మెంట్ పెట్టుకుని అదే రోజు విమానం ఎక్కకండి. మధ్యాహ్నం రెండు తర్వాతకి మార్చమని అడగండి, లేదా ముందు రోజే వెళ్లండి. వీల్‌చైర్ కావాలని టికెట్ కొనేటప్పుడే చెప్పండి, మా దగ్గర దానికి డబ్బులేం తీసుకోలేదు. ఏటీఆర్‌కి మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదో నరకం, అందుకే ఏ విమానమో చూసి కొనండి. ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా విమానం బయల్దేరడానికి గంట ముందే మూసేస్తారు. మందులు, రిపోర్టులు చేతి సంచిలోనే ఉంచుకోండి.

వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది, కానీ అంతసేపూ కూర్చునే ఉండాలి. అమ్మగారికి అది వద్దు.

రెండోసారి మేం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. 1974 నుంచి నడుస్తున్న బండి, మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. పన్నెండు గంటలు దాటుతుంది, నిజమే. కానీ నాన్నగారు కింది బెర్తులో కాళ్లు చాపుకుని పడుకున్నారు. 45 దాటిన ఆడవాళ్లకి కూడా కింది బెర్తుల కోటా ఉంది, బుక్ చేసేటప్పుడు అది ఎంచుకోండి. తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగి, చుట్టాలింట్లో స్నానం చేసి, పదిన్నరకే ఆసుపత్రిలో ఉన్నాం. తిరుగు ప్రయాణం మాత్రం మర్నాడు సాయంత్రం విమానంలో, ఏ హడావుడీ లేకుండా.