తాతల నాటి మందుగుండు తుపాకీ అమ్మాలంటే ముందు అది మీ చేతిలో చట్టబద్ధంగా ఉండాలి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. తాతగారి కాలం నుంచి ఇంట్లో ఒక పొడవాటి మజిల్ లోడర్ తుపాకీ ఉంది. గొట్టం మూతిలోంచి మందు, గుళ్లు పోసి, గజంతో దట్టించి, క్యాప్ పెట్టి పేల్చే రకం. పంట కాపలాకని మొదట తాతగారి పేరున, తర్వాత నాన్నగారి పేరున లైసెన్సు ఉండేది. నాన్నగారు పోయి రెండేళ్లయింది. నేను లైసెన్సు మార్పించుకోలేదు. హైదరాబాద్‌లో పాత ఆయుధాలు సేకరించే ఒకాయన కొంటానని ఇరవై వేలు అడ్వాన్సు పంపారు. వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని, స్టాంపు కాగితం మీద రాసుకుంటే చాలని ఆయన అంటున్నారు. అమెరికాలో ఉన్న మా బావ కూడా అదే మాట అన్నాడు. అమ్మవచ్చా?

జవాబు: ఇప్పుడున్న స్థితిలో అమ్మకండి. తుపాకీని ఇల్లు కదిలించకండి కూడా. అమ్మే దారి లేకపోలేదు, కానీ దానికి ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది.

ముందు వందేళ్ల మాట చూద్దాం. వందేళ్ల లెక్క ఉన్నది ఆయుధాల చట్టంలో కాదు, 1972 నాటి పురావస్తువుల చట్టంలో. ఏ వస్తువును పురావస్తువుగా చూడాలో చెప్పడానికి అక్కడ నూరేళ్లు పెట్టారు. తుపాకీకి లైసెన్సు కావాలా వద్దా అన్నది 1959 ఆయుధాల చట్టం తేలుస్తుంది. దాని 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: పాతకాలపు నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేని స్థితిలో ఉంటే ఆ ఆయుధానికి చట్టం వర్తించదు. ఇందులో ప్రాణం ‘మరమ్మతు చేసినా’ అన్న మాటలో ఉంది. మీ తుపాకీ ట్రిగ్గర్ స్ప్రింగు విరిగినా, నిపుల్ (క్యాప్ పెట్టే చిన్న మొన) తుప్పు పట్టినా, పనివాడు రెండు రోజుల్లో బాగుచేయగలిగితే అది చట్టం దృష్టిలో తుపాకీయే. మీ నాన్నగారి హయాం దాకా లైసెన్సు మీద నడిచిన ఆయుధం పనికిరానిదని మీకై మీరు తేల్చుకుంటే కోర్టులో నిలవదు.

మీ హైదరాబాద్ మిత్రుడు మరొకటి విని ఉండవచ్చు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ ‘క్యూరియో’ (సేకరణకు దాచుకునే అరుదైన పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారత పౌరులు లైసెన్సు లేకుండా సంపాదించుకోవచ్చు, ఉంచుకోవచ్చు అని సడలింపు ఇచ్చింది. అది నిజమే. అయితే అలాంటి ఆయుధాన్ని వాడాలన్నా, వెంట పట్టుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకొకచోటికి తరలించాలన్నా తగిన లైసెన్సు ఉండాలని కూడా అందులోనే ఉంది. విజయనగరం నుంచి హైదరాబాద్‌కు ఆ తుపాకీ ఎలా చేరుతుంది? కారు డిక్కీలో పెట్టుకుని బయల్దేరితే మొదటి చెక్‌పోస్టు దగ్గరే కథ మారిపోతుంది. పైగా మీది క్యూరియో అవునో కాదో చెప్పాల్సింది మీరూ కాదు, కొనేవారూ కాదు. లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు పెట్టి, పరీక్ష చేయించి, రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఆ కాగితం చేతికొచ్చే దాకా దాన్ని లైసెన్సు కావాల్సిన ఆయుధంగానే చూడండి.

ఇక అసలు చిక్కు. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత ఆయుధాన్ని అర్హత ఉన్న మరొకరికి అమ్ముకోవడానికి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ రెండో ఉపవిభాగం వీలు కల్పించింది. జిల్లా మెజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి స్టేషన్ అధికారికి గానీ కొనేవారి పేరు, చిరునామాతో రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాక అప్పగించాలి. చూడటానికి సులువైన దారే. కానీ ఆ వెసులుబాటు ‘చట్టబద్ధంగా తన దగ్గర ఉన్న’ ఆయుధానికే. నాన్నగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. ఆ రోజు నుంచి తుపాకీ మీ ఇంట్లో లైసెన్సు లేకుండా ఉంది. కాబట్టి ఈ రోజు మీరు 45 రోజుల నోటీసు ఇచ్చినా ఆ సెక్షన్ మిమ్మల్ని కాపాడదు.

శిక్షలు ఎంత పెరిగాయో పల్లెల్లో చాలామందికి తెలియదు. అందుకే దాచకుండా చెబుతున్నాను. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు. 5వ సెక్షన్‌కు విరుద్ధంగా అమ్మితే ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం మిమ్మల్ని రక్షించకపోగా, మీ సంతకంతో మీ మీదే సాక్ష్యమవుతుంది.

భయపడి తుపాకీని బావిలో పడేయడం, కమ్మరి చేత గొట్టానికి చిల్లు పెట్టించడం, గొట్టం కోయించడం లాంటివి చేయకండి. గొట్టం కోయడం దానికదే నేరం. వస్తువు విలువ పోతుంది, కేసు మాత్రం మిగులుతుంది.

దారి 21వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సుదారు చనిపోయాకనో, లైసెన్సు గడువు తీరాకనో ఆయుధం ఎవరి చేతిలో ఉంటే వారు అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. రెండేళ్లు జాప్యం కాదని నేను అనను. కానీ లైసెన్సు పుస్తకం, నాన్నగారి మరణ ధ్రువీకరణ పట్టుకుని మీ అంతట మీరు వెళ్లడం వేరు, సోదాలో దొరకడం వేరు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదనే 3వ సెక్షన్ కింద కేసు నడపాలంటే జిల్లా మెజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలని 39వ సెక్షన్ చెబుతోంది. అంటే మీ ఉద్దేశం ఏమిటో చూసే అధికారి ఒకరు మధ్యలో ఉన్నారు. మీ లేఖ, మీ రసీదు ఆయన ముందు మీ తరఫున మాట్లాడతాయి.

తుపాకీ భుజాన వేసుకుని స్టేషన్‌కు నడవకండి. ముందు స్థానిక న్యాయవాది చేత లేఖ రాయించి, స్టేషన్‌కు, కలెక్టరేట్‌కు ఇచ్చి, సిబ్బందిని పంపి స్వాధీనం చేసుకోమని గానీ, తీసుకురావడానికి రాతపూర్వక అనుమతి ఇమ్మని గానీ అడగండి. మందు, క్యాపులు మిగిలి ఉంటే వాటి సంగతీ అందులోనే రాయండి. ఎన్నికలప్పుడు నాన్నగారు తుపాకీని స్టేషన్‌లో అప్పగించి ఉంటారు కదా, ఆ పాత రసీదులు వెతకండి. లైసెన్సు పుస్తకంలో ‘ఎస్‌బీఎంఎల్’ (ఒంటి గొట్టం మజిల్ లోడర్) అని, పక్కన నంబరు ఉంటే అది ఈ తుపాకీ మీద ఉన్నదే అవునా అని సరిచూసుకోండి. తేడా ఉంటే లేఖ ఇవ్వకముందే వకీలుకు చెప్పాలి. డిపాజిట్ రసీదులో ఆయుధం వివరాలు, దాని స్థితి పూర్తిగా రాయించుకోండి. స్టేషన్ గదిలో తుప్పు పట్టకూడదనుకుంటే డీలర్ దగ్గర ఉంచడమే మేలని నా అభిప్రాయం.

తర్వాత మీకు రెండు మార్గాలు. వారసుడిగా మీ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అమ్మగారు, తోబుట్టువులు ఉంటే వారి నిరభ్యంతర పత్రాలు కావాలి. అది వచ్చాక 5వ సెక్షన్ నోటీసు ఇచ్చి అమ్మండి. లేదా లైసెన్సు మీకు అక్కర్లేదనుకుంటే, డిపాజిట్‌లో ఉండగానే అర్హత ఉన్న వ్యక్తికి అమ్మకం ద్వారా బదిలీ చేయించే హక్కు 21వ సెక్షన్ ఇస్తుంది. రెండో మార్గమే మీకు సులువనిపిస్తోంది. కాకపోతే డిపాజిట్ చేసి మరచిపోకండి, నియమాల్లో ఉన్న గడువు దాటితే ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు.

కొనేవారి సంగతీ చూడాలి. 2019 సవరణతో ఒక్కో లైసెన్సుదారుకు పరిమితి మూడు నుంచి రెండు తుపాకులకు తగ్గింది. సేకరణ అలవాటున్న వారి పుస్తకం చాలాసార్లు అప్పటికే నిండి ఉంటుంది. హైదరాబాద్‌లో లైసెన్సులిచ్చేది పోలీస్ కమిషనర్. ఈ తుపాకీని తన లైసెన్సులో ఎక్కించుకోవడానికి కమిషనర్ ఇచ్చిన అనుమతి చూపమని కొనేవారిని అడగండి. చూపలేకపోతే ఆ బేరం వదిలేయండి.

మీ బావగారు చెప్పింది అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం చాలావరకు సరైనదే. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకులను అక్కడ పురాతన వస్తువుల కింద చూస్తారు. అది ఇక్కడ పనికిరాదు. ఆయన తానే కొని తీసుకెళ్తానన్నా ఒప్పుకోకండి. నూరేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 చట్టం నిషేధించింది.

అడ్వాన్సు విషయం ఈ వారంలోనే తేల్చండి. ఇరవై వేలూ బ్యాంకు ద్వారా వెనక్కి పంపి, అనుమతులు వచ్చాకే మాట్లాడుకుందామని ఒక లేఖ రాసి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.