తెరచాపా, మోటారా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె, చీనీ తోట ఉంది. అబ్బాయి, కోడలు బ్రిస్బేన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ 40 అడుగుల పాత పడవ ఒకటి కొనాలని ఉబలాటం. అబ్బాయి తెరచాప కాటమరాన్ అంటాడు, కోడలు మోటారు క్రూయిజర్ అంటుంది. కొంత డబ్బు నేను సర్దుతానన్నాను కాబట్టి తీర్పు నా మీద పెట్టారు. మేమూ ఏటా కొన్నాళ్లు అక్కడుంటాం. మా ఆవిడకు జమ్మలమడుగు బస్సులోనే కడుపులో తిప్పుతుంది. ఏది కొనమనాలి? అలాంటి పడవను మన గండికోట జలాశయంలో తిప్పవచ్చా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: సరుకు ఓడల ఇంజను గదుల్లో ఉద్యోగం చేసి కర్నూలులో స్థిరపడినవాడిని. నా మొగ్గు ఎటో మీరు ఊహించే ఉంటారు. అయినా మీ అబ్బాయి మాట తోసిపుచ్చలేను. కారణం మీ ఆవిడ కడుపే.

మోటారు క్రూయిజర్‌కు సాధారణంగా నీళ్లలో ఆనే అడుగుభాగం ఒక్కటే; వేగంగా పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. లంగరు వేసి అన్నాలు తిందామని కూర్చున్నప్పుడు, పక్క నుంచి అల తగిలితే అటూ ఇటూ పొర్లడం మొదలుపెడుతుంది. కాటమరాన్‌కు అలాంటి అడుగుభాగాలు రెండు, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. 40 అడుగుల పడవకు వెడల్పే 22 అడుగుల దాకా వస్తుంది, అందుకే అంతగా పొర్లదు. అలాగని పూర్తిగా నమ్మవద్దు. ఎదురు అలలకు దాని కుదుపు వేరుగా ఉంటుంది, అదీ కొందరికి పడదు. అక్కడ రెండు రకాలూ అద్దెకు దొరుకుతాయి. ముందు అమ్మగారిని ఒక్కొక్క దాంట్లో ఒక పూట తిప్పమనండి. తీర్పు ఆవిడే ఇస్తారు.

కోడలి వాదనలోనూ పస ఉంది. బ్రిస్బేన్ వాళ్లు వారాంతంలో వెళ్లేది మోర్టన్ దీవి వైపు. బ్రిస్బేన్‌లోని మాన్లీ రేవు నుంచి ఆ దీవిలోని టాంగలూమా సుమారు 20 నాటికల్ మైళ్లు (37 కిలోమీటర్లు). మోటారు పడవ గంటలో చేరుస్తుంది. కాటమరాన్‌కు మూడు గంటలు పట్టవచ్చు, గాలి ఎదురైతే వంకర టింకరగా పోవాలి కాబట్టి ఇంకా ఎక్కువ. సోమవారం ఆఫీసు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ గంటలో పెద్ద క్రూయిజర్ జంట ఇంజన్లు వంద లీటర్ల డీజిలు తాగగలవు. కాటమరాన్‌కూ ఇంజన్లు ఉంటాయి. ఒకదానితో నెమ్మదిగా పోతే గంటకు మూడు నాలుగు లీటర్లతో సరి. గాలి ఉచితమని మీవాడు అంటే నవ్వి ఊరుకోండి. తెరచాపలు, తాళ్లు, తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు మార్చాల్సి వచ్చిననాడు ఆ ఉచితం ఎంతో తెలుస్తుంది. వెడల్పు ఎక్కువని చాలా రేవుల్లో కాటమరాన్‌కు నిలుపుడు అద్దె కూడా హెచ్చే.

నన్నడిగితే మూడోదారి ఉంది: తెరచాప లేని, రెండు అడుగుభాగాల మోటారు కాటమరాన్. ఆస్ట్రేలియాలో అవి కొత్త కాదు. అబ్బాయికి కావలసింది నిలకడే అయితే ఇది చాలు. తెరచాప ఎత్తే సరదాయే అయితే మాత్రం తెరచాప కాటమరానే కొననివ్వండి, సరదాకు ప్రత్యామ్నాయం ఉండదు. ఒక్క హెచ్చరిక. గాలి మితిమీరితే ఒకే అడుగుభాగం ఉన్న తెరచాప పడవ పక్కకు వాలి ముందే చెబుతుంది. కాటమరాన్ వాలదు, చెప్పదు. గాలిమీటరు చూసి తెరచాపను ముందుగానే తగ్గించాలి. తిరగబడితే తనంతట తాను లేవదు.

ఏది కొన్నా, 4.5 కిలోవాట్లు మించిన ఇంజను ఉంటే, బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నడిపేవారికి లైసెన్సు కావాలి.

ఇక పాత పడవ బేరం. మీరు ఆయిల్ ఇంజను నడిపి ఉంటారు కాబట్టి ఇది అర్థమవుతుంది. చూడటానికి వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టమనండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే తిప్పి ఉంచాడన్నమాట. చల్లారాక మళ్లీ వస్తామనాలి. చల్లని ఇంజను ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో చూడాలి. తర్వాత ఇంజనును చల్లబరిచే సముద్రపు నీటి పంపు మూత విప్పించాలి. లోపల అరచేతిలో పట్టే రబ్బరు చక్రం ఉంటుంది, ఇంపెల్లర్ అంటారు. దాని రెక్కల్లో ఒకటి లేకపోతే, ఆ ముక్క నీళ్ల దారిలో ఎక్కడో అడ్డుపడి ఉంటుంది. ఇంజను ఎందుకు కాగుతోందో తెలియక వేలు పోసినవాళ్లను చూశాను. పడవను నీళ్ల నుంచి పైకెత్తించి, పడవలను పరీక్షించే సర్వేయరుతో అడుగుభాగం చూపించకుండా బయానా ఇవ్వవద్దు.

గండికోట సంగతి. 22 అడుగుల వెడల్పు పడవను మన రోడ్ల మీద తేవడమే గగనం. తెచ్చినా గాలికీ నీటికీ పొత్తు కుదరదు. మనవైపు గాలిమరలు జోరుగా తిరిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. గండికోటకు శ్రీశైలం వరద నీరు గోరకల్లు, అవుకు దాటి వచ్చి నిండేసరికి ఆ గాలి తగ్గుముఖం పడుతుంది. పైగా పెన్నా లోయలో కొండగోడలకు తగిలి గాలి దిక్కు మారుతూ ఉంటుంది. మోటారు పడవ అయితే, 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే, బీమా ఉండాలి. జలాశయం అధికారుల అనుమతి సరేసరి. తెరచాప ముచ్చటే అయితే, అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు హైదరాబాద్ తీసుకెళ్లండి. హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవలు నడపడం నేర్పుతారు.